గెలాక్సీయే కనపడలేదు, అందులోని సూపర్‌నోవా కనపడుతుందా?

మిద్దెమీదడాబ్ (అనంతపురం), 2023 మే 25

అన్నలూ, ఒక డౌట్ తీర్చండి. మాది అనంతపురం టౌనే, ఆరంగుళాల డాబ్సోనియన్ (అద్దం టెలిస్కోపు) ఉంది, ఐపీసులు (కన్నుపెట్టి చూసే కటకాలు) 25 ఎంఎం, 10 ఎంఎం రెండే. ఎం101 గెలాక్సీలో మే 19న జపాన్ ఆయన ఇటగాకి పట్టుకున్న సూపర్‌నోవా (పేలిపోయిన నక్షత్రం, పేరు 2023ఐఎక్స్‌ఎఫ్) కోసం నిన్న రాత్రి మిద్దె ఎక్కి కూర్చున్నా. సప్తర్షుల్లో అరుంధతీ వశిష్ఠుల దగ్గర మొదలుపెట్టి, పక్కనున్న చిన్న చుక్కల వరుస పట్టుకుని పోయినా, చోటు కరెక్టే అనుకుంటున్నా. కానీ గెలాక్సీ అన్నదే లేదు. మసక కూడా లేదు. బూడిదరంగు ఆకాశంలో నాలుగైదు చుక్కలు, అంతే. వాటిలో ఒకటి అదేనని మనసు చెబుతోంది గానీ, యాప్‌లో చూస్తే గెలాక్సీ మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత) 7.9, సూపర్‌నోవా 11 దగ్గర. నంబర్ తగ్గితే వెలుగు ఎక్కువ కదా? మరి వెలుగెక్కువున్న గెలాక్సీయే కనపడనప్పుడు దాంట్లో చుక్క ఎట్లా కనపడుతుంది? నేను చూసింది వేరే ఏదోనా?

బురుజుకాడ (కర్నూలు)

కనపడుతుంది తమ్ముడూ. 7.9 అనేది గెలాక్సీ వెలుగంతా ఒక్కచోట కుప్ప పోస్తే వచ్చే లెక్క. నిజానికి అది దాదాపు నిండు చందమామంత వెడల్పున పరుచుకుని ఉంది. గుండిగెడు అన్నంలో గరిటెడు నెయ్యి కలిపితే ఎక్కడుందో తెలియదు, అదే ఒక్క చెంచా సంగటి ముద్దలో గుంత చేసి పోస్తే మెరుస్తా ఉంటుంది. లెక్కకు గెలాక్సీ పదిహేడు రెట్లు ఎక్కువే, కానీ టౌన్ లైట్లకు ఆ పరుచుకున్న వెలుగు మునిగిపోతుంది, చుక్క మునగదు.

అందుకే 25 ఎంఎంతోనే ఆగొద్దు. చోటు దొరికాక 10 ఎంఎం పెట్టు, జూమ్ ఎక్కువొస్తుంది. జూమ్ పెరిగేకొద్దీ ఆకాశం నల్లబడుతుంది, చుక్క మాత్రం చుక్కగానే ఉంటుంది. నేరుగా గుచ్చి చూడకుండా కొంచెం పక్కకి చూపు పెట్టు, మసక వెలుగును పట్టే కణాలు కంటి మధ్యలో కాదు, చుట్టూ ఉంటాయి. అరగంట ఫోన్ ముట్టుకోవద్దు, ఇది చెప్పినంత సులభం కాదని నాకూ తెలుసు.

పెన్నగట్టు (ప్రొద్దుటూరు)

కనపడుతుంది సరే, కనపడింది అదేనా అన్నది వేరే ప్రశ్న. ముందే ఫోటో చూసి పోతే కన్ను దానికి కావాల్సింది చూపిస్తుంది. 2014లో ఎం82 గెలాక్సీ సూపర్‌నోవాకి రెండు రాత్రులు తప్పు చుక్కను చూసి, మా వాళ్లందరికీ ఫోన్లు చేసి చెప్పుకున్నా. తర్వాత తెలిసింది, చార్టు (నక్షత్రాల పటం) నిటారుగా పట్టుకుని చూశానని. నీది కూడా అద్దం టెలిస్కోపే, అందులో బొమ్మ తలకిందులుగా ఉంటుంది. చార్టు కూడా తలకిందులు చేసి పట్టుకో.

ఇంకో మాట. చార్టు తెరవకముందే కనపడిన చుక్కలన్నీ తెల్లకాగితం మీద పెట్టుకో, ఏది పెద్దది ఏది చిన్నది రాసుకో. తర్వాత ఇంట్లో లైటు కింద, మే నెలకు ముందు తీసిన ఏదైనా ఎం101 ఫోటోతో పోల్చు. పాత ఫోటోలో లేని చుక్క నీ కాగితం మీద ఉంటే అదీ లెక్క.

సంగటిముద్ద (కదిరి)

నెయ్యి ఉదాహరణకే లాగిన్ అయినా సామీ. ఇంతకీ ఒక్క చుక్క కోసం ఇంత గోలా?

మిద్దెమీదడాబ్, మే 27

@సంగటిముద్ద ఆ చుక్క 2.1 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో పేలిన ఒకే ఒక్క నక్షత్రం అప్పా, గోల ఉండదా!

అప్‌డేట్. నిన్న చంద్రుడు దిగేదాకా ఆగి, పన్నెండు దాటాక ఎక్కినా. పక్కింటి ఎల్‌ఈడీ లైటు పడకుండా నెత్తిన దుప్పటి కప్పుకున్నా, మే నెలలో దుప్పటి ఎట్లుంటుందో చెప్పాల్సిన పనిలేదు. 25 ఎంఎంలో మొన్నటి చుక్కలే. 10 ఎంఎం పెట్టి కొంచెం పక్కకి చూస్తే, మొన్న నేను సూపర్‌నోవా అనుకున్నదానికి కొంత దూరంలో ఇంకొకటి! నేరుగా చూస్తే జారిపోతుంది, పక్కకి చూస్తే వస్తుంది. కాగితం మీద ఏడు చుక్కలు పెట్టుకుని కిందికి దిగి పాత ఫోటోతో పోల్చినా. ఆరు సరిపోయినాయి. ఏడోది ఫోటోలో లేదు. మొన్న చూసి మురిసిపోయింది మన పాలపుంతలోని మామూలు నక్షత్రమే, పెన్నగట్టు అన్న చెప్పినట్టే అయింది.

గెలాక్సీ మాత్రం ఇప్పటికీ కనపడలేదు. ఈ సూపర్‌నోవా ఎన్నాళ్లు ఉంటుంది?

బురుజుకాడ

శభాష్! ఇది పెద్ద ఎర్ర నక్షత్రం గుండె కూలి పేలిన రకం, ఒక్కరాత్రిలో ఆరిపోయేది కాదు. కానీ జూన్ 4న ఏరువాక పున్నమి, రోజురోజుకీ చంద్రుడు ఆలస్యంగా దిగుతాడు. ఈ రెండుమూడు రోజుల్లో ఇంకోసారి చూసి ఆ ఏడో చుక్క పెరిగిందా తగ్గిందా రాసుకో. తర్వాత పున్నమి పోయినాక కలుద్దాం, గండికోట వైపు వస్తే ఆ గెలాక్సీ సంగతి కూడా చూద్దాం.