ఇంట్లో చేసే స్కీకి సైడ్‌వాల్: ఏబీఎస్సా, పాలిథిలీనా, చెక్కా?

మంచుగడ్డ_సియాటిల్
అందరికీ నమస్కారం. గరాజ్‌లో మొదటి జత స్కీలు చేద్దామని మొదలుపెట్టాను. కోర్‌కి, అంటే స్కీ లోపలి దిమ్మకి, పోప్లార్ చెక్క తెచ్చా. పొరలన్నీ కలిపి నొక్కే ప్రెస్ తయారవుతోంది. సైడ్‌వాల్ దగ్గర ఆగిపోయా. అదేంటో తెలియనివాళ్ల కోసం: స్కీ పక్కన, కింది స్టీల్ ఎడ్జ్‌కీ పై టాప్‌షీట్‌కీ మధ్య కోర్‌ని కప్పే పట్టీ. నీళ్లు లోపలికి పోకుండా ఆపేది అదే. కొందరు ఏబీఎస్ ప్లాస్టిక్ అంటున్నారు, కొందరు స్కీ అడుగున మంచు మీద జారే బేస్‌కి వాడే యూహెచ్ఎండబ్ల్యూ పాలిథిలీన్ అంటున్నారు, చెక్కే చాలనేవాళ్లూ ఉన్నారు. ఇక్కడ మేం స్కీయింగ్‌కి వెళ్లే స్టీవెన్స్ పాస్‌లో మంచు ఎంత తడిగా ఉంటుందో తెలుసుగా. ఏది వాడమంటారు?

పౌడర్_పిచ్చి
పాలిథిలీన్. ఇంకో మాట లేదు. మా కొలరాడోలో సీజన్ మొదట్లో మంచు పల్చగా ఉంటుంది, రాళ్లు తగులుతూనే ఉంటాయి. మైనస్ 20లో గట్టి దెబ్బ తగిలితే ఏబీఎస్ పగలొచ్చు, పాలిథిలీన్ సొట్టపడి ఊరుకుంటుంది. పగులు వచ్చిందంటే నీళ్లకి దారి దొరికినట్టే.

వడ్రంగి_మనవడు
అన్నా, దెబ్బ సంగతి చెప్పావు, అతుకు సంగతి దాటేశావు. పాలిథిలీన్‌కి ఎపాక్సీ జిగురు ఊరికే అంటదు. టార్చ్ నీలిమంట చూపించి పైపొరని ఆక్సీకరణ చెందిస్తేనే పట్టుకుంటుంది. అయిందో లేదో నీళ్లు చల్లి చూడాలి: బొట్లుగా నిలిస్తే కాలేదు, పల్చగా పరుచుకుంటే అయింది. సరే, అయిందనుకుందాం. సైడ్‌వాల్‌ని కోర్ పక్కన అతికించాక రెండూ కలిపి చిత్రిక పడతాం కదా, నడుమ 11 మి.మీ., కొసల్లో 2 మి.మీ. వచ్చేదాకా? పైన మంట చూపించిన పొరంతా ఆ తురుములో పోతుంది. కోర్ పైన వేసే ఫైబర్‌గ్లాస్ పొర అతకాల్సింది కొత్తగా తేలిన ముఖానికి! మళ్లీ టార్చ్ పట్టుకుంటే పక్కనున్న పోప్లార్ మాడుతుంది.

పౌడర్_పిచ్చి
చెక్క మీద స్టీల్ స్కేల్ అడ్డం పెట్టు, చెయ్యి ఆపకుండా లాగు. మాడదు. ఇదేమన్నా బ్రహ్మవిద్యా?

వడ్రంగి_మనవడు
మొదటి జత చేసేవాడికి బ్రహ్మవిద్యే. ఇంకోటుంది. వేడికి పాలిథిలీన్ సాగే రేటు ఒక్కో డిగ్రీకి మీటరుకి 0.15 మి.మీ. పైనే. ఏబీఎస్‌ది దాదాపు అందులో సగం. చెక్క పొడవునా చూస్తే 0.004 ఉంటుందేమో. ప్రెస్‌లో హీట్ బ్లాంకెట్ పెట్టి 80 డిగ్రీల్లో ఎపాక్సీ గట్టిపడనిచ్చావనుకో. 20కి చల్లారేసరికి మీటరున్నర పాలిథిలీన్ పట్టీ 13 మి.మీ. కుంచించుకోవాలని చూస్తుంది, చెక్క కదలదు. ఆ లాగుడంతా అతుకు మీదే. ఏబీఎస్‌కీ లాగుడు ఉంది గానీ, అది మంట అక్కర్లేకుండానే పట్టుకుంటుంది. 80 నంబర్ సాండ్ పేపర్‌తో గరుకు చేసి, ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు. అసిటోన్ మాత్రం వద్దు, ఏబీఎస్ కరిగిపోతుంది.

వెర్మాంట్_పిల్ల
మీ లెక్క మీకే ఎదురు తిరుగుతోంది గమనించారా? లాగుడు ఉండకూడదంటే కోర్ దేనితో చేస్తామో సైడ్‌వాల్ కూడా దానితోనే చెయ్యాలి. నేను స్నోబోర్డులకి మేపుల్ పట్టీ వేస్తాను. ఎపాక్సీ చెక్కలోకి ఇంకుతుంది, మంటతో పని లేదు, చిత్రికకి హాయిగా లొంగుతుంది (పాలిథిలీన్ అయితే బ్లేడు కాస్త మొద్దుబారినా పీచులుపీచులుగా లేస్తుంది). సియాటిల్ అన్నయ్యా, తడికి భయపడకండి. సమస్యంతా కొసల దగ్గర. చెక్క అడ్డకోత బయటపడితే నీళ్లు పీల్చేస్తుంది. అక్కడ ఎపాక్సీ రెండు పూతలు, తర్వాత మొత్తానికి పాలియురేథేన్ వార్నిష్. ప్రతి సీజన్ ముందూ ఒక పూత.

పౌడర్_పిచ్చి
ఎడ్జ్ పదును పెట్టిన ప్రతిసారీ ఆకురాయి సైడ్‌వాల్‌కి రాసుకుంటుంది. మీ వార్నిష్ ఎన్నాళ్లుంటుంది మేడమ్? చెక్కకి రాయి తగిలితే పేడు లేస్తుంది, ఆ పేడు కింద తడి.

వెర్మాంట్_పిల్ల
అందుకే పట్టీని రౌటర్‌తో (చెక్క అంచులు కోసే మిషన్) పది డిగ్రీలు లోపలికి వాలుగా కోస్తాం. ఆకురాయి ఎడ్జ్‌కే తగులుతుంది. ఈ వాలు ప్లాస్టిక్‌కీ కావాలి, లేకపోతే టాప్‌షీట్ అంచు చిట్లుతుంది. పేడు లేస్తే ఆరబెట్టి ఎపాక్సీ నింపుతా. మీ పాలిథిలీన్ అతుకు విడితే ఏం చేస్తారు?

రెండో_షిఫ్ట్
అసలు సైడ్‌వాలే లేకుండా, పై పొరే పక్కల్నీ కప్పేసే క్యాప్ పద్ధతిలో చెయ్యకూడదా? 1990 ప్రాంతంలో సలొమన్ కంపెనీ అలాగే కదా అమ్మింది.

వడ్రంగి_మనవడు
చెయ్యొచ్చు. ఫైబర్‌గ్లాస్‌ని కోర్ పక్కల మీంచి ఎడ్జ్ దాకా వంచి నొక్కడానికి అచ్చు కూడా చేసివ్వు తమ్ముడూ.

మంచుగడ్డ_సియాటిల్
హీట్ బ్లాంకెట్ ఇంకా కొనలేదు. మామూలు ఉష్ణోగ్రతలోనే గట్టిపడే ఎపాక్సీ వాడి, ఒకరోజు ప్రెస్‌లో ఉంచేస్తే ఈ 13 మి.మీ. గొడవ ఉండదుగా? అప్పుడు పాలిథిలీనే వేసుకోవచ్చు?

పౌడర్_పిచ్చి
అదీ మాట! ఒక పక్క ఎపాక్సీ అంటుకునేలా ట్రీట్ చేసి అమ్మే పట్టీ తీసుకో, కోర్ పక్కకి అది పనికొస్తుంది. పై ముఖానికి మాత్రం టార్చ్ తప్పదు.

వడ్రంగి_మనవడు
అలా గట్టిపడిన ఎపాక్సీ మామూలుగా 50, 60 డిగ్రీలకే మెత్తబడటం మొదలవుతుంది. నల్ల టాప్‌షీట్ స్కీలు ఎండలో కార్లో వదిలేస్తే ఆ వేడి సులువుగా వస్తుంది. అప్పుడు ముందు విడేది బలహీనమైన అతుకే. మొదటి జతకి ఏబీఎస్ వెయ్యి. లేదా ఆవిడ చెప్పినట్టు మేపుల్ వెయ్యి, నాకు అభ్యంతరం లేదు. టార్చ్ మాత్రం కొనకు.