లిక్విడ్ ఆర్గానిక్ ఎరువు కొడుతుంటే నాజిల్ ఊరికే మూసుకుపోతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్తే, లాన్‌కీ పక్కనున్న కూరగాయ మొక్కలకీ కలిపి ఫిష్ ఎమల్షన్ (చేపలతో చేసిన ద్రవ ఎరువు), సీవీడ్ (సముద్రపు నాచు) ద్రావణం స్ప్రే చేస్తున్నా, పల్చగా కలిపి గుడ్డలో వడకట్టి పోసినా కాసేపటికే నాజిల్ మూసుకుపోతోంది, విప్పి కడిగి మళ్ళీ పెట్టేసరికి లాన్‌లో ఒకచోట ఎక్కువ పడి ఇంకోచోట అసలు పడట్లేదు. సన్న తుంపర మానేసి పెద్ద రంధ్రం ఉన్న ఫ్యాన్ నాజిల్ (విసనకర్రలా వెడల్పుగా చల్లేది) పెడితే పర్లేదా? ఎండలో కొడితే ఆకులు మాడతాయని పొద్దున్నే కొడుతున్నా, ఆ ఇబ్బంది లేదు.

ఇంకోటి, గడ్డికి వేళ్ళదాకా దిగాలి కదా, మరి స్ప్రే అయ్యాక వెంటనే మామూలు నీళ్ళు పెట్టాలా లేక ఆకులు పీల్చుకునేదాకా ఆగాలా? ఆకుకూరల మీద మాత్రం కోతకి ముందు కొట్టడానికి మనసు రావట్లేదు, పిల్లలు తింటారు, వాటికి మొదళ్ళ దగ్గర పోస్తే చాలంటారా? వాడేవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.