మైలుతుత్తం (కాపర్ సల్ఫేటు) డబ్బా పశువుల కొట్టంలో పెట్టుకోవచ్చా? (సిరోంచ, అహేరి వైపు వాళ్ళు చెప్పండి)

నాలుగు బర్రెలోడు:
అందరికీ నమస్తే. మాది మహారాష్ట్రలో సిరోంచ దగ్గర పల్లె. ప్యాకెట్ మినరల్ మిక్స్చర్ కొనే స్తోమత లేక ఇంట్లోనే కలుపుకుంటున్నా: డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేటు), ఉప్పు, జింకు సల్ఫేటు, కొంచెం మైలుతుత్తం. తుత్తం మూడు కిలోలు కవరులో లూజుగా తెచ్చి రేకు డబ్బాలో పోసి, కొట్టంలో దాణా బస్తా పక్కన పెట్టా. ఎండాకాలంలో పైపొర తెల్లబడింది. వానలు పడ్డాక అడుగున ముద్ద కట్టింది. దాంట్లో వదిలేసిన ఇనుప గరిటె తీసి చూస్తే కొత్త రాగి చెంబులా ఎర్రగా మెరుస్తోంది! ఇది పాడైనట్టా? పారేయాలా?

కృషి కేంద్రం సేటు:
పాడవ్వడం ఏమీ లేదు తమ్మీ. ఉప్పు ముద్ద కట్టదా? పగలగొట్టి వాడుకో. 18 ఏళ్ళ నుంచి అమ్ముతున్నా, ఒక్కడూ వాపసు తేలేదు.

మందకాడోడు:
వాపసు తెచ్చేవాడి గొర్రెలు బతికుంటే కదా తెచ్చేది.

ఏటి ఒడ్డు:
మొదలైంది 😀

పాత కాంపౌండర్:
బర్రెల తమ్ముడూ, పైన తెల్లబడింది అంటే తుత్తంలోంచి నీరు పోయింది. రాగి ఎక్కడికీ పోదు. ఆ నీలం రంగే పలుకులో ఉన్న నీటి వల్ల. నీరు పోయిన పొడి తేలిక కాబట్టి, అంతే తూకంలో రాగి ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. తెల్లబడింది, సత్తువ తగ్గింది అని ఇంకో గుప్పెడు వేస్తే అసలు ముప్పు అక్కడే.
ఇక గరిటె సంగతి. తడి తగిలితే తుత్తంలోని రాగి వచ్చి ఇనుము మీద పడుతుంది, ఇనుము కరిగి పొడిలో కలుస్తుంది. నీ డబ్బా లోపలి అంచు గీకి చూడు, అక్కడా అదే కథ. తుత్తానికి ఇనుము, జింకు రేకు పనికిరావు. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, ప్లాస్టిక్ చెంచా పెట్టుకో.

కృషి కేంద్రం సేటు:
కాకా, ఇనుప తక్కెడలో తూచి ఇస్తున్నా ఇన్నేళ్ళుగా. తక్కెడ ఎర్రబడలేదే?

పాత కాంపౌండర్:
పొడిగా ఉన్నది రెండు నిమిషాలు తగిలితే ఎర్రబడదు సేటు. తడిలో నెలలు నానితే పడుతుంది.

కృషి కేంద్రం సేటు:
అంటే నా సరుకు తడిదంటావా?

పాత కాంపౌండర్:
నేనట్లా అన్నానా?

(ఇక్కడి నుంచి తక్కెడ మీదే పన్నెండు మెసేజులు నడిచాయి. కొత్తగా వచ్చేవాళ్ళు వాటిని దాటేసి కిందికి రండి – బర్రెలోడు)

బల్లార్షా కోడలు:
తక్కెడ పక్కన పెట్టండి అన్నలూ. కొట్టంలో పెట్టొచ్చా అని కదా అడిగాడు, నేను చెప్తా. పోయిన సంక్రాంతికి మా ఆడపడుచు కొడుకు, మూడేళ్ళవాడు, ఇలాంటి డబ్బాలోంచే నీలం పలుకు తీసి చప్పరించాడు. కలకండ అనుకున్నాడట. వాంతి నీలంగా, పచ్చగా అయ్యింది. మా అత్త వేలు పెట్టి ఇంకా కక్కించబోతే నేనే ఆపి బండెక్కించా. దవాఖానలో డాక్టరు మొదట అడిగిన మాట, "ఏం తిన్నాడు, కవరు తెచ్చారా?" కవరు ఉంది, దాని మీద అక్షరం ముక్క లేదు. అది మైలుతుత్తం అని మా మామ ఫోనులో చెప్పేదాకా డాక్టరు కూడా ఊహించుకోవాల్సి వచ్చింది. పిల్లవాడు బాగానే ఉన్నాడు. కానీ ఆ అరగంట టెన్షన్ నాకు ఇప్పటికీ పోలేదు.
పిల్లలకు అందని చోట, తాళం వేసి పెట్టు. దాణా పక్కన అసలే వద్దు.

నాలుగు బర్రెలోడు:
అమ్మో. అక్కా, ఈ రోజే మారుస్తా.

మందకాడోడు:
ఇప్పుడు నా సంగతి వినండి. పోయినేడు సేటు దుకాణంలోనే బర్రెల కోసం అని కలిపి అమ్మే మినరల్ పొడి ఐదు కిలోలు తెచ్చా. కవరు మీద ఏమీ లేదు. గొర్రెలకూ ఇవ్వొచ్చా అంటే "మినరలే కదా, ఏ జీవానికైనా బలమే" అన్నాడు. మూడు నెలలు పెట్టా, బాగానే ఉన్నాయి. వానలో మందను అడవి దాటించి తెచ్చిన వారానికే కళ్ళు పచ్చబడ్డాయి, మూత్రం నల్లటి ఎరుపు. ఆరు పోయాయి.

కృషి కేంద్రం సేటు:
నీ గొర్రెలు పోయింది పిడుదుల జ్వరంతో. దానికీ ఎర్రమూత్రమే వస్తుంది. అడుగు కాకాని.

పాత కాంపౌండర్:
పిడుదుల జ్వరానికీ వస్తుంది, నిజమే. చూడకుండా నేను తీర్పు చెప్పను. కానీ అతను చెప్పిన తీరు మాత్రం రాగి విషానికి సరిగ్గా సరిపోతుంది. గొర్రె కాలేయం రాగిని సరిగా బయటికి పంపలేదు, దాచుకుంటూ పోతుంది. నెలల తరబడి పైకి ఏమీ కనిపించదు. నడకో, వానో, మేత మార్పో ఏదో ఒక ఒత్తిడి తగలగానే దాచిందంతా ఒక్కసారి రక్తంలోకి వదులుతుంది. మొత్తం మేతలో రాగి కిలోకు 15 మిల్లీగ్రాములు దాటితే చాలు, గొర్రెకు ప్రమాదం అంటారు. పశువు 40 వరకు తట్టుకుంటుంది. అందుకే పశువుల మిశ్రమం గొర్రెకు పెట్టకూడదు. మేక కాస్త నయం, అయినా పెట్టొద్దనే నేను చెప్తా.
బర్రెల తమ్ముడూ, నువ్వు ఎంత కలుపుతున్నావు?

నాలుగు బర్రెలోడు:
పది కిలోల మిశ్రమానికి రెండు గుప్పెళ్ళు.

పాత కాంపౌండర్:
గుప్పెడు తూచావా?

నాలుగు బర్రెలోడు:
ఇప్పుడే తూచా. 70 గ్రాములు.

పాత కాంపౌండర్:
అంటే 140. వేయాల్సింది 40. తుత్తంలో పాతిక శాతం రాగి. పది కిలోల ఎండు మేత తినే పశువుకు రోజంతటికీ కావాల్సిన రాగి సుమారు 100 మిల్లీగ్రాములు, తుత్తం లెక్కలో అర గ్రాము కూడా కాదు, అందులోనూ కొంత మేతలోంచే వస్తుంది. గుప్పెళ్ళతో చేసే పని కాదిది. 40 గ్రాములు తూచి, ముద్దలుంటే పొడి చేసి, ముందు అరకిలో ఉప్పులో బాగా కలుపు. దాన్ని రెండు కిలోల డీసీపీలో, ఆ తర్వాత మిగతా దాంట్లో. ఒకేసారి పోసి తిప్పితే ఒక బర్రె నోట్లోకి పలుకంతా పోతుంది, ఇంకోదానికి ఏమీ రాదు. దంచేటప్పుడు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకో, కళ్ళద్దాలు పెట్టుకో. కంట్లో పడితే పావుగంట నీళ్ళతో కడిగి దవాఖానకు పో.
ఇంకో మాట. సేటు దగ్గర దొరికేది పంటల మీద కొట్టే సరుకు. నాగపూర్ నారింజ తోటల వాళ్ళు సున్నంతో కలిపి చెట్టు మొదళ్ళకు పూసేది అదే. దాంట్లో సీసం లాంటివి ఎంతున్నాయో దాణా లెక్కన ఎవరూ చూడరు. దాణాకు వేరే గ్రేడు ఉంటుంది.

కృషి కేంద్రం సేటు:
ఆ గ్రేడు 25 కిలోల బస్తా వస్తుంది కాకా. మూడు కిలోలు కావాలనేవాడికి బస్తా అంటగట్టనా? విప్పితేనే లూజు. మీరే లూజు అడుగుతారు, మీరే లేబుల్ ఏదంటారు. 2022 జులైలో గోదారి, ప్రాణహిత పొంగినప్పుడు నా దుకాణంలో మోకాలి లోతు నీళ్ళు. డ్రమ్ముల మీది కాగితాలన్నీ ఊడిపోయాయి. సుద్దతో రాసుకున్నా. ఏ అధికారి వచ్చి నా నష్టం రాసుకున్నాడు?

మందకాడోడు:
నీ డ్రమ్ము మీద రాసుకున్నావు. నా కవరు మీద ఎందుకు రాయలేదు? రెండు మాటలు, "గొర్రెలకు వద్దు". పెన్ను ఖర్చు ఎంత?

బల్లార్షా కోడలు:
ఏ భాషలో రాయాలో కూడా చెప్పండి. మా ఇంట్లో అత్తకు తెలుగే, పిల్లలకు మరాఠీ అక్షరాలే.

ఏటి ఒడ్డు:
పుర్రె బొమ్మ గీస్తే చాలు.

కృషి కేంద్రం సేటు:
సరే, ఇప్పుడు అసలు మాట చెప్తా. మందకాడ అన్నకు పోయిన ఖరీఫ్ నుంచి నా ఖాతాలో 11,400 ఉద్దెర ఉంది. గొర్రెలు పోయిన రోజు నుంచి దుకాణం మెట్టెక్కలేదు. కవరు, లేబుల్ అంటూ ఇక్కడ రాసేదంతా ఆ బాకీ ఎగ్గొట్టడానికే.

మందకాడోడు:
ఎగ్గొట్టే మనిషినైతే మా నాన్న బాకీ నేను కట్టేవాణ్ణా? ఆరు గొర్రెల ధర ఎంతో నీకు తెలియదా? సగం నష్టం నువ్వు పట్టుకో, సగం బాకీ తీసేయ్. అప్పుడే ఇంటికొచ్చి అడిగా. "మందు నేనివ్వలేదు, పొడి ఇచ్చా" అన్నావు. ఆ మాటకే నేను రావడం మానేశా, డబ్బుకు కాదు.

దారినపోయే దానయ్య:
అరే, ఇది తుత్తం గొడవ కాదా అయితే?

కృషి కేంద్రం సేటు:
ఉద్దెర ఇచ్చేవాడే లూజు అమ్ముతాడు. సీలు ప్యాకెట్టు, బిల్లు, లేబుల్ అన్నీ కావాలంటే నగదు తెచ్చుకోండి. అట్లా అయితే ఈ ఊళ్ళలో ఎంతమంది కొంటారో చూద్దాం.

పాత కాంపౌండర్:
ఉద్దెరకూ కవరు మీద రాయడానికీ సంబంధం ఏంటి సేటు?

కృషి కేంద్రం సేటు:
రాస్తే పూచీ నాది అవుతుంది కాకా. మూడు రూపాయల లాభానికి అంత పూచీ ఎవడు మోస్తాడు?

మందకాడోడు:
ఆ. ఇదీ మాట. ఇంతసేపూ తక్కెడ అన్నావు.

నాలుగు బర్రెలోడు:
పెద్దలు ఏమీ అనుకోకండి. నా డబ్బాలో ఇంకా రెండు కిలోల చిల్లర ఉంది. దాన్ని ఏం చేయమంటారు?

పాత కాంపౌండర్:
ఇనుము కలిసిన అడుగు ముద్ద, పంట సరుకు. బర్రెలకు వద్దు. ప్లాస్టిక్ డబ్బాలో పోసి, పేరు రాసి, తాళం వేసి ఉంచు. తోట ఉన్నవాళ్ళు చెట్లకు పూయడానికి అడిగితే ఇచ్చేయ్.

ఏటి ఒడ్డు:
ఆ రేకు డబ్బా మాత్రం ప్రాణహితలో కడగకు తమ్మీ. చేపలకు అది విషం.

కృషి కేంద్రం సేటు:
ఆదివారం అంగడి రోజు కాకా కూడా రండి. డ్రమ్ములన్నీ చూపిస్తా. పుర్రె బొమ్మ గీసిన చీటీలు ప్రింటు కొట్టిస్తా, అతికించుకునేది మీరు. మందకాడ అన్నా, నువ్వూ రా. ఖాతా పుస్తకం ముందు పెట్టుకుని మాట్లాడదాం.

మందకాడోడు:
పుస్తకం సరే. నా గొర్రెల లెక్క ఏ పేజీలో రాస్తావు?