సి++ అని వెతికితే పుస్తకాలన్నీ వచ్చేస్తున్నాయి

ప్రశ్న:
పైథాన్‌లో రాసిన చిన్న పుస్తకాల కేటలాగ్ నాది. సెర్చ్ బాక్స్‌లో కొట్టినదాన్ని అలాగే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోని రెగ్‌ఎక్స్‌కి (గుర్తులతో రాసిన ప్యాటర్న్‌ని బట్టి వెతికే పద్ధతి) ఇస్తాను. మైఎస్‌క్యూఎల్ 5.7 ఉన్నన్నాళ్లూ ఎవరైనా సి++ అని కొడితే క్వెరీ ఎర్రర్‌తో ఆగిపోయేది. ఎప్పుడో ఒకసారేగా అని నేనూ పట్టించుకోలేదు. పోయిన వారం 8.0కి మారాను. ఎర్రర్ పోయింది, హమ్మయ్య అనుకున్నా. తీరా చూస్తే పేరులో ఇంగ్లిష్ సి అక్షరం ఉన్న ప్రతి పుస్తకమూ వస్తోంది, కెమిస్ట్రీ గైడుతో సహా. స్ట్రింగులు అతికించట్లేదు, ప్లేస్‌హోల్డరే (క్వెరీలో చోటు వదిలి, విలువని విడిగా పంపడం) వాడుతున్నా. మరి తప్పెక్కడ?

జవాబు 1:
ప్లేస్‌హోల్డర్ ఇంజెక్షన్‌ని, అంటే కొట్టిన మాటలు క్వెరీలో ఆదేశాలుగా దూరడాన్ని, ఆపుతుంది, అంతవరకే దాని పని. లోపలికెళ్లిన స్ట్రింగ్‌ని రెగ్‌ఎక్స్ ఇంజిన్ ప్యాటర్న్‌గానే చదువుతుంది. 5.7లో ఉన్నది హెన్రీ స్పెన్సర్ లైబ్రరీ. రెగ్‌ఎక్స్‌లో + అంటే ముందున్న అక్షరం ఒకటి లేదా ఎక్కువ సార్లు అని; ఒక + వెనకే ఇంకో + వస్తే ఆ లైబ్రరీ ఒప్పుకోదు. 8.0.4 నుంచి దాని స్థానంలో ఐసీయూ అనే లైబ్రరీ వచ్చింది. అందులో ++ చెల్లుతుంది: పట్టుకున్న అక్షరాల్ని మళ్లీ వదలని + అన్నమాట. అంటే ఒక్క సి దొరికినా చాలు. నిజానికి ఆ పాత ఎర్రరే మీకు మేలు చేసింది!
కొట్టిన మాటని పైథాన్ ఆర్ఈ (re) మాడ్యూల్‌లోని ఎస్కేప్ ఫంక్షన్‌లోంచి పంపండి; అది ప్రత్యేక గుర్తుల ముందు బ్యాక్‌స్లాష్ పెట్టి వాటిని మామూలు అక్షరాలుగా చదివిస్తుంది. ప్లేస్‌హోల్డర్‌తో అయితే \+ సరిపోతుంది. క్వెరీలో నేరుగా రాస్తే \\+ అనాలి, ఒక బ్యాక్‌స్లాష్‌ని స్ట్రింగే మింగేస్తుంది.

జవాబు 2:
అసలిక్కడ రెగ్‌ఎక్స్ ఎందుకండీ? ఎస్‌క్యూఎల్‌లోని లైక్ వాడితే, అందులో ప్రత్యేక అర్థమున్న %, _, బ్యాక్‌స్లాష్ ఎస్కేప్ చేసుకుంటే అయిపోతుంది. స్పీడు పెరుగుతుందని మాత్రం అనను, ముందు % (ఏ అక్షరాలైనా అని అర్థం) పెడితే అదీ ఇండెక్స్ (త్వరగా వెతకడానికి ఉండే సూచిక) వాడుకోలేదు.

ప్రశ్న అడిగినవారు:
జావా|పైథాన్ (| అంటే లేదా) అని ఒకేసారి రెండు వెతుక్కోవచ్చని రెగ్‌ఎక్స్ పెట్టాను. ఎస్కేప్ చేస్తే సి++ బాగానే వస్తోంది గానీ | పనిచేయడం మానేసింది.

జవాబు 1:
అదీ ఎస్కేప్ అయిపోయింది మరి. ముందు | దగ్గర విడగొట్టి, ఒక్కో ముక్కనీ ఎస్కేప్ చేసి, మళ్లీ | తో కలపండి.

ప్రశ్న అడిగినవారు:
పనిచేసింది, థాంక్సండీ. కానీ జావా| అని చివర్లో గీత వదిలేస్తే మళ్లీ కేటలాగ్ మొత్తం దిగింది!

జవాబు 1:
ఖాళీ ముక్క దేనికైనా సరిపోతుంది. కలిపేముందు ఖాళీవి తీసేయండి. అన్నీ ఖాళీ అయితే క్వెరీయే పంపకండి.