థీసిస్‌కి స్కోపస్ పేపర్లు చాలా? జీవోలు, పేపర్ వార్తలు పెట్టొచ్చా?

బ్రాడీపేట_ప్లానర్: బెజవాడ బుడమేరు ముంపు మీద ఎంప్లాన్ (ప్లానింగ్‌లో పీజీ) థీసిస్ చేస్తున్నా. మా గైడ్ గారు స్కోపస్‌లో (రీసెర్చ్ జర్నల్ పేపర్ల డేటాబేస్) లేనిది అసలు సోర్సే కాదంటున్నారు, మాస్టర్ ప్లాన్ రిపోర్టు పెట్టినా కొట్టేస్తున్నారు. మీరేమంటారు?

పటమట_కుర్రోడు: గైడ్ చెప్పింది కరెక్టే బ్రో. పేపర్లో వేసిన ముంపు లెక్క తెల్లారేసరికి మారిపోద్ది, వైవాలో ఇది ఎవరు చెక్ చేశారు అంటే ఏం చెప్తావ్? గూగుల్ స్కాలర్‌లో మంచి పేపర్ ఒకటి పట్టుకుని సైటెడ్ బై నొక్కు, దాన్ని వాడుకుని తర్వాత రాసినోళ్లంతా బయటికొస్తారు, చివరి రిఫరెన్సుల్లో ముందోళ్లు దొరుకుతారు.

సత్యనారాయణపురం_అక్క: థియరీకి అది సరిపోద్ది తమ్ముడూ, బెజవాడకి చాలదు. సింగ్ నగర్ మునిగింది 2024 సెప్టెంబర్‌లో, రివ్యూలన్నీ దాటి జర్నల్లో పేపర్ పడాలంటే ఎంత టైమ్ పడుతుందో నీకు తెలీదా? అక్కడ జోనింగ్, అంటే ఏ స్థలం దేనికి వాడాలో, కావాలంటే మాస్టర్ ప్లాన్ మ్యాపే తియ్యాలి. అదీ సీఆర్డీఏ (రాజధాని ప్రాంత ప్లానింగ్ సంస్థ) అని ఒక్కటే కొడితే 2014కి ముందువి చాలావరకు తప్పిపోతాయి, అప్పుడు దాని చోట ఉన్నది వీజీటీఎం ఉడా కదా. అంతెందుకు, రాజధాని మీద 2014లో శివరామకృష్ణన్ కమిటీ రిపోర్టిచ్చింది, జర్నల్ పేపర్ కాదని దాన్ని వదిలేసి అమరావతి మీద ఎవరైనా థీసిస్ రాస్తారా?

కొత్తపేట_గుంటూరు: జర్నల్స్‌కి కేంద్రమే డబ్బు కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ 2025 జనవరిలో మొదలైంది గానీ ప్రభుత్వ సంస్థలకే, మాది ప్రైవేటు కాలేజీ. మాకు దిక్కు శోధ్‌గంగే. అందులో పీహెచ్‌డీ థీసిస్‌లు ఫ్రీగా చదువుకోవచ్చు, స్కోపస్ ఒక్కటే అనే రూలు సబ్‌స్క్రిప్షన్ ఉన్నోళ్లకి బానే ఉంటది.

పటమట_కుర్రోడు: సరే అక్కా, జీవో ప్రైమరీ సోర్సు, ఒప్పుకుంటా. కానీ ఏం చెయ్యాలో రాసుంటది గానీ చేశారో లేదో అందులో ఉండదుగా?

సత్యనారాయణపురం_అక్క: అందుకే నేను జొటేరోలో (రిఫరెన్సులు దాచుకునే సాఫ్ట్‌వేర్) ప్లాన్‌లో ఉన్నవాటికి ఒక ట్యాగు, నిజంగా జరిగినవాటికి ఒక ట్యాగు పెట్టుకుంటా, వార్తలు విడిగా ఇంకో కలెక్షన్లో. స్కాన్ చేసిన జీవోలో ఏముందో జొటేరోకి తెలీదు, నంబరు, తేదీ, డిపార్ట్‌మెంట్ మనమే టైప్ చేసుకోవాలి, విసుగే గానీ తప్పదు. ఇంకోటి, లింకు దాచుకుంటే సరిపోదు, సైటు మార్చేస్తే పేజీ ఎగిరిపోద్ది, పీడీఎఫ్ దింపుకుని దింపిన తేదీ రాసిపెట్టు.

బ్రాడీపేట_ప్లానర్: థాంక్స్ అక్కా. థియరీ చాప్టర్‌కి స్కోపస్, సైట్ చాప్టర్‌కి జీవోలు, మ్యాపులు అని విడగొట్టి సోమవారం సార్‌కి చూపిస్తా.

పటమట_కుర్రోడు: జీవోల దాకా ఓకే. వార్తలకి మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను.