నల్ల టీ షర్టు మీద పులివేషం బొమ్మ: పసుపు వాడిపోతోంది, అంచు తెల్లగా వస్తోంది, ఒత్తు విడిపోతోంది

గంజాం_గీతలు
అన్నలకీ అక్కలకీ నమస్కారం. మన బరంపురం ఠాకురాణి యాత్రలో కనబడే పులివేషం మొహం గీసి, కింద తెలుగులోనూ ఒడియాలోనూ "బ్రహ్మపుర" అని రాసి నల్ల టీ షర్టు మీద డీటీఎఫ్ ప్రింటు (ఫిల్ము మీద ముద్రించి వేడితో బట్టకి అతికించేది) వేయించాను. ఆన్‌లైన్‌లో అమ్మాలని. మొదట 50 అనుకుంటున్నాను.

శాంపిల్‌లో ఇవీ తేడాలు: ఫోన్‌లో ధగధగలాడిన పసుపు బట్ట మీద మట్టిరంగుగా దిగింది. బొమ్మ చుట్టూ సన్నటి తెల్ల అంచు ఉంది. మొహం వెనక వేసిన ముదురు గోధుమరంగు చతురస్రం రెగ్జిన్ అతికించినట్టు బిరుసుగా ఉంది. అక్షరాల్లో "హ్మ" విడిపోయి "హ్ మ" అయింది. ఫైలు ఫోన్ యాప్‌లో చేసింది, 1080 × 1350 పిక్సెల్స్, వాట్సాప్‌లో పంపాను. ప్రింటు వెడల్పు 11 అంగుళాలు. ఏది ముందు సరిచేయాలి?

సిరా_బట్ట
చెల్లీ, ముందు ఫైలు. 1080ని 11తో భాగిస్తే అంగుళానికి 98 చుక్కలే వస్తున్నాయి. కావలసింది 300. అంటే 11 × 13 అంగుళాల బొమ్మకి కాన్వాసు మొదట్లోనే 3300 × 3900 పెట్టి గీయాలి. ఉన్న బొమ్మని సాగదీస్తే పిక్సెల్స్ పెరుగుతాయి గానీ గీత పదునెక్కదు, మళ్లీ గీయడమే మేలు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించేస్తుంది, వెనక ఖాళీగా ఉండాల్సిన చోటు కూడా నిండిపోతుంది. ఖాళీ చోటుని ఖాళీగానే ఉంచే పీఎన్‌జీ ఫైలుని డాక్యుమెంట్‌గా పంపండి.

పసుపు సంగతి. ఫోన్ తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, బట్ట మీద ఉండేది సిరా. నియాన్ పసుపు మామూలు నాలుగు రంగుల సిరాతో రాదు. సీఎంవైకేలో (ఆ నాలుగు సిరాల లెక్కలో) మెజెంటా 20, పసుపు 100, మిగతావి సున్నా పెట్టి చూడండి: పులివేషానికి ఒంటికి పూసే పసుపుకి దగ్గరగా, వెచ్చగా వస్తుంది. నలుపు ఒక్క 10 శాతం కలిసినా పసుపు ఆకుపచ్చ ఛాయలోకి మురికిపడుతుంది. ఇవన్నీ సరిగా ఉండి కూడా మట్టిరంగు వస్తే కింద వేసే తెల్ల పొర పలచబడిందన్నమాట, ప్రింటు చేసేవాళ్లని ఆ పొర పెంచమనండి.

తెల్ల అంచు కూడా ఆ పొరదే. బ్యాక్‌గ్రౌండ్ తీసేసినప్పుడు అంచున సగం పారదర్శకంగా ఉండే పిక్సెల్స్ మిగులుతాయి. మెషిను వాటి కింద కూడా తెలుపు వేస్తుంది. అంచులు గట్టిగా, పూర్తి రంగుతో ఉండేలా శుభ్రం చేసి, తెల్ల పొరని 3 పిక్సెల్స్ లోపలికి కుదించమని చెప్పండి. 300 చుక్కల దగ్గర అది పావు మిల్లీమీటరు, కంటికి తెలియదు. నీడలు, మసక వెలుగులు డీటీఎఫ్‌కి అసలు పడవు, కావాలంటే హాఫ్‌టోన్‌గా, అంటే చిన్నా పెద్దా చుక్కలుగా మార్చాలి.

ఇక ఆ చతురస్రం తీసేయండి. అది మీ బొమ్మని చంపుతోంది. నల్ల షర్టు ఉండగా నలుపు, గోధుమరంగు ఎందుకు ప్రింటు చేయాలి? పులి చారలు, కనుబొమ్మలు, నోటి లోపలి చీకటి, ఇవన్నీ ఖాళీగా వదిలితే బట్టే చారలవుతుంది. పసుపు, ఎరుపు, కళ్లలో తెలుపు, అంతే. చెమట ఆరుతుంది, మడత దగ్గర పగలదు, దూరం నుంచి మొహం ఇంకా ఉగ్రంగా కనబడుతుంది. చారల చివర్లు మాత్రం మరీ సన్నగా వద్దు. అర మిల్లీమీటరు కన్నా సన్నటి ప్రింటు గీత ఉతుకులో లేచిపోతుంది, అంతకన్నా సన్నటి ఖాళీ పూడిపోతుంది.

11 అంగుళాలు కూడా తగ్గించండి. డీటీఎఫ్ ఫిల్ము మీద ప్రింటు పడే వెడల్పు సాధారణంగా 22 అంగుళాలు. 11 పెడితే మధ్యలో సందు లేక పక్కన రెండోది పట్టదు, మీటరుకి మూడే. 10.5 × 12.5 పెడితే మీటరుకి ఆరు. 50కి 17 మీటర్లు కావలసిన చోట 9 మీటర్లతో అయిపోతుంది. చిన్న సైజు షర్టుకి 9.5 చాలు. మెడ అంచు నుంచి 3 అంగుళాలు కిందికి మొదలవ్వాలి, ఇంకా దిగితే బొమ్మ పొట్ట మీద పడుతుంది.

షర్టు నూరు శాతం కాటన్, 180 జీఎస్ఎం (చదరపు మీటరు బట్టకి గ్రాముల బరువు), బయోవాష్ (ఎంజైములతో ఉతికి నూగు తీసినది) అయినది అడగండి. పాలియెస్టర్ కలిస్తే బట్ట రంగు వేడికి పైకెక్కి తెల్ల పొరలోకి దిగుతుంది, మెరూన్ షర్టు మీద తెల్ల కళ్లు గులాబీ అవుతాయి.

అతికించడం: ముందు ఖాళీ షర్టుని 5 సెకన్లు నొక్కి తేమ తీయాలి, తర్వాత 150–160 డిగ్రీల దగ్గర 12–15 సెకన్లు. కోల్డ్ పీల్ ఫిల్మ్ అయితే పూర్తిగా చల్లారాకే లాగాలి. వేడి మీద లాగితే అంచులు ఫిల్ముతో వచ్చేస్తాయి. ఆ పైన బటర్ పేపర్ వేసి ఇంకో 5–10 సెకన్లు. గోపాల్‌పూర్ సముద్రపు గాలి తగిలే ఊరు మనది, వానాకాలంలో ఫిల్ము మీది పొడి తేమ పీల్చి అతుకు చెడుతుంది. ప్రింటు తెచ్చిన ఫిల్ముని సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరబడని కవరులో పెట్టండి.

ఒత్తులబడి
అక్షరాల గురించి నేను చెప్తానమ్మా. "హ్మ" విడిపోవడం ప్రింటు తప్పు కాదు, యాప్‌కి మన లిపి కూర్చడం రాక. ఇంక్‌స్కేప్ ఉచితం, ఏ సెట్టింగూ మార్చకుండానే ఒత్తులు సరిగా కూర్చుతుంది. ఇలస్ట్రేటర్ అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద షో ఇండిక్ ఆప్షన్స్ టిక్ పెట్టి, పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో సౌత్ ఏషియన్ కంపోజర్ ఎంచుకోవాలి. డీటీపీ షాపుల్లో అను అనే పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొట్టించి తెస్తే యూనికోడ్ ఫాంటులో అది గజిబిజి అవుతుంది, అను వాడితే అక్కడే గీతలుగా మార్పించి తీసుకోండి.

రెండు లిపులూ పక్కపక్కన ఉండాలంటే ఒకే చేతివాటం ఉన్న ఫాంట్లు కావాలి. అనేక్ కుటుంబంలో తెలుగూ ఒడియా రెండూ ఉన్నాయి. బాలూలో తెలుగుది తమ్ముడు, ఒడియాది భైనా: గుండ్రంగా, లావుగా, టీ షర్టుకి చక్కగా ఒదుగుతాయి. అన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సువే, షర్టు మీద వేసి అమ్ముకోవచ్చు. ఒకే పాయింటు పెడితే రెండూ సమానంగా కనబడవు, కంటితో చూసి సర్దాలి.

లావు కోసం అక్షరం చుట్టూ గీత వేయకండి. "బ", "హ"ల లోపలి సందులు పూడిపోతాయి. బోల్డ్ ఫాంటే తీసుకోండి. ఒడియా వరస కిందికి వస్తే "హ్మ" ఒత్తు, "పు" కొమ్ము దాన్ని తగలకుండా వరసల మధ్య ఎడం అక్షరం ఎత్తుకి ఒకటిన్నర రెట్లు ఉంచండి. చివరగా ఇంక్‌స్కేప్‌లో షిఫ్ట్ కంట్రోల్ సీ కొట్టి పాత్‌గా, అంటే గీతలుగా మార్చి, యూనియన్ (ముక్కలన్నీ ఒకటిగా కలపడం) చేయండి. అది మరిస్తే తలకట్టు అతుకుల దగ్గర గీతలు తేలవచ్చు.

గంజాం_గీతలు
చాలా మేలు చేశారు. చారలు ఖాళీగా వదలడం నాకు తట్టనే లేదు. ఇచ్ఛాపురం, సోంపేట వాళ్లు కూడా అడుగుతున్నారు. జీఎస్టీ లేకుండా పంపొచ్చా? రాయగడ వైపు సవర బొమ్మలతో కూడా ఒకటి చేయాలని ఉంది.

సరుకు_సరిహద్దు
లేదమ్మా. ఇచ్ఛాపురం ఎంత దగ్గరైనా అది ఆంధ్ర. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే టర్నోవరు ఎంత తక్కువైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 2023 అక్టోబరు 1 నుంచి చిన్న అమ్మకందార్లకి ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో ఆన్‌లైన్ వేదికల మీద అమ్మే వెసులుబాటు ఉంది గానీ అది సొంత రాష్ట్రం లోపలే. బరంపురంలో తెలుగులో రాసిన షర్టుకి సగం గిరాకీ హద్దు అవతలే ఉంటుంది, కాబట్టి రిజిస్టర్ చేయించుకోండి. హెచ్ఎస్ఎన్ (పన్ను కోసం సరుకుకి ఇచ్చే కోడు) 6109. 2025 సెప్టెంబరు 22 నుంచి 2500 రూపాయల దాకా ధర ఉన్న షర్టుకి పన్ను 5 శాతం.

లాంజియా సవర చిత్రకళకి 2024 జనవరిలో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఆ పేరు తగిలించి మీరు ప్రింటు చేసిన షర్టు అమ్మకూడదు. ఒకరు వేసిన బొమ్మని ఫొటో తీసి వాడటం అంతకన్నా తప్పు. ఇడితాల్ అంటే సవరలు తమ దేవతలకి గోడ మీద వేసుకునే బొమ్మ, అలంకారం కాదు. సవర చిత్రకారుల చేతే గీయించి, డబ్బిచ్చి, రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుని, వాళ్ల పేరు షర్టు మీద వేస్తేనే చేయండి. సినిమా డైలాగులు, హీరోల మొహాలు, క్రికెట్ జట్ల గుర్తులు ఎవరడిగినా వద్దు, ఫిర్యాదు వస్తే లిస్టింగ్ తీసేస్తారు.

అమ్మే పేజీలో ఊరి పేరు బెర్హంపూర్, బ్రహ్మపూర్ రెండు ఇంగ్లీషు స్పెల్లింగులూ పెట్టి, గంజాం, ఒడిశా అని కూడా రాయండి. బెంగాల్లో ఇంకో బహరంపూర్ ఉంది. మొదటి ఫొటోని 150 పిక్సెల్స్‌కి కుదించి చూడండి, పులి మొహం ఆనవాలు పట్టలేకపోతే కొనేవాళ్లు వేలు ఆపరు. సైజులకి ఎస్, ఎం అని వదిలేయకుండా షర్టుని నేల మీద పరిచి ఛాతీ, పొడుగు అంగుళాల్లో కొలిచి రాయండి. వాపసులు ఎక్కువగా అక్కడే.

50 ఒకేసారి నొక్కించొద్దు. ఫిల్ము తెచ్చుకుని ఎం, ఎల్ సైజులు ఎనిమిదేసి, మిగతావి నాలుగేసి నొక్కించి, మిగిలిన ఫిల్ము ఆర్డరు వచ్చాకే వాడండి. ఆ ఫిల్ములో ఒక ముక్క వేసిన షర్టుని 24 గంటలు ఆగి, తిరగేసి ఐదు సార్లు ఉతికి చూశాకే పేజీ తెరవండి.