కొండకోట కట్టల మీద ఎక్కడ పడితే అక్కడ ఎక్కవచ్చా?

సుద్దకొండ:
ఇంగ్లండ్‌లోని ఇనుప యుగపు కొండకోటలకు మన తెలుగు కుటుంబాలు వారాంతాల్లో బాగా వెళ్తున్నాయి, సంతోషం. అయితే ఒక విషయం ఇక్కడ తేల్చుకోవాలని ఉంది. కోట చుట్టూ ఉన్న మట్టికట్టల మీదికి ఎటు నుంచి పడితే అటు నుంచి ఎక్కడం మానుకోవాలా, వద్దా? మానుకోవాలనే నా వాదన. దారి ఉన్నచోట దారి మీదే నడవాలి. కట్ట అరిగినచోట కంచె వేసి, పచ్చిక మళ్లీ పట్టేదాకా ఏడాదో రెండేళ్లో మూసేయాలి.

డార్సెట్‌లోని మెయిడెన్ కాసిల్‌నే తీసుకోండి. అక్కడ బురుజు లేదు, రాతి ప్రాకారం కనబడదు. క్రీ.పూ. 600 ప్రాంతంలో మొదలుపెట్టి తరతరాలుగా పెంచిన కట్టలు, వాటి మధ్య లోతైన కందకాలు, అదే కోట. కట్ట మీద ఉన్నది బెత్తెడు మట్టి, దాన్ని పట్టి ఉంచిన పచ్చిక, లోపలంతా సుద్ద. పడమటి ద్వారం దగ్గర దారి వంకర్లు తిరుగుతూ లోపలికి వెళ్తుంది. దాన్ని వదిలి అడ్డంగా కట్ట ఎక్కితే కొన్ని నిమిషాలు మిగులుతాయి. ఒకరిద్దరు ఎక్కితే నష్టం లేదు. వందలమంది ఒకే గీత మీద ఎక్కేసరికి పచ్చిక చచ్చి తెల్లటి సుద్ద బయటపడుతుంది. వాన పడితే ఆ గీతే కాలువ. చలికాలంలో సుద్దలోకి ఇంకిన నీరు గడ్డకట్టి దాన్ని పొడి చేస్తుంది. అక్కడ కాలు జారుతోందని జనం పక్కనే ఇంకో గీత మొదలుపెడతారు. కట్ట అలా వెడల్పుగా కరిగిపోతూ ఉంటుంది.

మాల్వర్న్ బాటసారి:
సుద్దకొండ గారూ, మీరు చెప్పిన జబ్బు నిజమే, మందుతోనే నాకు పేచీ.

ఇంగ్లండ్‌లో సామాన్యుడు దారి వదిలి హక్కుగా తిరగగలిగిన నేల ఎంత? 2000లో ఆ హక్కు ఇచ్చే చట్టం వచ్చాక కూడా దేశంలో దాదాపు 8 శాతం. అందులోనూ కంచెలు మొదలుపెడితే ఇక మిగిలేది ఏమిటి?

మాల్వర్న్ కొండల్లో బ్రిటిష్ క్యాంప్ ఎక్కండి. 338 మీటర్ల ఎత్తున నిలబడితే ఒక పక్క సెవర్న్ మైదానం, ఇంకో పక్క హెరిఫర్డ్‌షైర్ పొలాలు, వాటి వెనక వేల్స్ కొండలు. కాళ్ల కింద కట్టలు వరసలు వరసలుగా కొండ నడుము చుట్టి ఉంటాయి. ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారో కట్ట మీద నిలబడినవారికి ఒక్క చూపుతో అర్థమవుతుంది. ఆ శిఖరం మీదే మధ్యయుగంలో మరొకరు వచ్చి తమ కోట వేసుకున్నారు. ఎన్ని తరాలు వాడుకున్నాయో చూడండి. మన తరం మాత్రం చేతులు కట్టుకుని దూరం నుంచి చూసి వెళ్లాలా?

ఇంకొకటి. హాంప్‌షైర్‌లోని డేన్‌బరీలో 1969 నుంచి 1988 దాకా పురావస్తు శాస్త్రవేత్త బారీ కన్‌లిఫ్ బృందం కోట లోపలి భాగంలో సగానికి పైగా తవ్వేసింది. సగం కోటను తవ్వినవారిని మెచ్చుకుంటూ, మా చెప్పులను తప్పు పట్టడం న్యాయమేనా?

సుద్దకొండ:
తవ్వకాన్నీ చెప్పుల అరుగుదలనూ ఒకే గాటన కట్టకండి. తవ్వినవారు పొర పొరనూ గీసి, కొలిచి, రాసి పెడతారు. మెయిడెన్ కాసిల్‌ను 1934 నుంచి 1937 దాకా తవ్విన మార్టిమర్ వీలర్, తూర్పు ద్వారం దగ్గర దొరికిన అస్థిపంజరాలు రోమన్ల దాడిలో చనిపోయిన రక్షకులవని అన్నాడు. తర్వాతి పరిశోధకులు ఆ కథను ప్రశ్నించారు. సమాధులన్నీ ఒకే రోజు యుద్ధానివి కావనే వాదన ఇప్పుడు బలపడింది. వీలర్ రికార్డులు, ఆ ఎముకలు మిగిలాయి కాబట్టే ఆయన మాటను కాదనడం సాధ్యమైంది. చెప్పుల కింద పోయిన పొర గురించి వాదించడానికి ఏమీ మిగలదు.

ఏమి పోతుందని అడిగేవారి కోసం చెబుతున్నాను. కట్ట వేసిన రోజున దాని కింద ఉన్న పాత నేల అలాగే కప్పబడిపోతుంది. సుద్దనేలల్లో ఆ పాత మట్టిని జల్లెడ పడితే ఆవగింజంత నత్తగుల్లలు దొరుకుతాయి. నీడలో బతికే జాతులు ఉంటే అక్కడ అడవి ఉండేదని, ఎండను ఇష్టపడేవి ఉంటే బయలు పచ్చిక ఉండేదని తెలుస్తుంది. కట్టినవాళ్లు ఒక్క అక్షరం రాసిపెట్టలేదు. వాళ్ల కాలపు సాక్ష్యం ఇలాంటి గుల్లల్లోనే ఉంది. కట్ట తెగి లోతుగా గండి పడితే ఇవీ కొట్టుకుపోతాయి.

పైగా అఫింగ్టన్‌లో కొండవాలు మీద సుద్దతో వేసిన తెల్ల గుర్రం బొమ్మను ఎవరూ తొక్కరు, తొక్కవద్దంటే అందరూ వింటారు. కాస్త పైనే ఉన్న అఫింగ్టన్ కాసిల్ కట్టల మీద మాత్రం పిల్లలు పరుగులు పెడతారు. రెండూ పాతిక శతాబ్దాలు దాటినవే. బొమ్మకు ఇచ్చే మర్యాద కట్టకు ఎందుకు ఇవ్వం?

డెర్బీ వాసి:
నేను మధ్యలో దూరుతున్నాను, ఏమీ అనుకోకండి. పీక్ డిస్ట్రిక్ట్‌లో మామ్ టార్ శిఖరానికి రాళ్లు పరిచిన దారి వేశారు. 517 మీటర్ల కొండ, చుట్టూ కొండకోట కట్టలు, ఒక పక్క విరిగిపడిన తూర్పు ముఖం. ఆ కొండ జారి జారి కింది రోడ్డు 1979లో శాశ్వతంగా మూతపడింది. జనం అంతగా ఎక్కే కొండ మీద ఆ రాళ్లే లేకపోతే శిఖరం చుట్టూ బురదగుంటలే ఉండేవి. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ మోకాళ్ల నొప్పులతోనే ఆ మెట్లు ఎక్కి, పైన సర్వే స్తంభాన్ని పట్టుకుని ఈడేల్ లోయ చూసింది. పచ్చిక వాలైతే నేనే వద్దని ఆపేవాణ్ని. దారి వేయడమంటే జనాన్ని తోలేయడమని ఎందుకు అనుకుంటారో నాకు అర్థం కాదు.

మాల్వర్న్ బాటసారి:
డెర్బీ వాసి గారూ, అమ్మగారు ఎక్కారంటే నిజంగా సంతోషం. జనం బాగా వచ్చే చోట రాళ్లు పరచడాన్ని నేను కాదనను. బ్రిటిష్ క్యాంప్‌లోనూ వేసిన దారి ఉంది, నేనూ దాని మీదే ఎక్కుతాను. అయితే ప్రతి కోటకూ అదే విధి అంటే ఒప్పుకోను. చాలా కోటల దగ్గర గొర్రెలు తప్ప ఎవరూ కనబడరు. అక్కడి కట్టలకు ప్రమాదం కుందేళ్ల బొరియలు, ముళ్లపొదల వేర్లు, మోటారు సైకిళ్ల చక్రాలు. వాటిని వదిలేసి నడిచేవాణ్ని పట్టుకుంటారేం?

ఇక సుద్దకొండ గారి గుర్రం సంగతి. ఆ బొమ్మ ఇన్నాళ్లు నిలిచిందంటే జనం దాన్ని తాకకుండా ఉన్నందుకు కాదు, తరతరాలుగా కొండెక్కి కలుపు తీసి సుద్ద కొట్టినందుకు. 18, 19 శతాబ్దాల్లో ఆ పని జాతరలా జరిగేది. ఆటలు, కుస్తీలు, అంగళ్లు అన్నీ ఆ కోట కట్టల లోపలే. జనం రావడం మానేసి ఉంటే పచ్చిక కమ్మి ఆ గుర్రం ఎప్పుడో మాయమయ్యేది. కట్టలనైనా కాపాడేది వాటి మీద మమకారం ఉన్నవాళ్లే. కంచె అవతల నిలబెడితే ఆ మమకారం ఎక్కడి నుంచి వస్తుంది?

సుద్దకొండ:
గుర్రానికి సుద్ద కొట్టినట్టు కట్టను మళ్లీ కొట్టలేం, బాటసారి గారూ. బొమ్మ పైపొరలో ఉంది, కొత్త సుద్ద వేస్తే రూపం తిరిగొస్తుంది. కట్టలో అరిగిన చోట కొత్త మట్టి పోస్తే ఆకారం వస్తుంది గానీ లోపల పోయింది రాదు. మోటారు సైకిళ్ల విషయంలో మాత్రం మీతోనే ఉన్నాను. 1979 చట్టం కింద రక్షిత కట్టడాన్ని పాడుచేయడం నేరం. ఆ చట్టాన్ని గట్టిగా అమలు చేయాల్సింది అక్కడే.

కొత్త సభ్యుడు:
అందరికీ నమస్కారం. పిల్లల సెలవులకు మెయిడెన్ కాసిల్ వెళ్తున్నాం. అట్టముక్కల మీద కట్ట నుంచి జారతామని ఇప్పటికే గొడవ చేస్తున్నారు. చేయనివ్వవచ్చా?

సుద్దకొండ:
వద్దండీ. ఒకే చోట పదే పదే జారితే పచ్చిక వేళ్లతో సహా లేచిపోతుంది. పడమటి ద్వారం మలుపుల గుండా లోపలికి తీసుకెళ్లండి. ఎటు తిరిగినా ఎదురుగా ఇంకో కట్ట వస్తుంది. దాడికి వచ్చినవాళ్లలా వాళ్లనే దారి వెతుక్కోమనండి. లోపల 19 హెక్టార్ల మైదానం ఉంది, అక్కడ ఎంతైనా పరుగెత్తవచ్చు. రోమన్ల కాలం చివర్లో కట్టిన గుడి పునాదులు కూడా అక్కడే ఉన్నాయి. ప్రవేశ రుసుము లేదు. గొర్రెలు మేస్తుంటాయి, కుక్క ఉంటే తాడు వదలకండి.

మాల్వర్న్ బాటసారి:
జారడం వద్దన్న మాట వరకు నాదీ అదే. కానీ దారి పైకి తీసుకెళ్లిన చోట కట్ట మీద నిలబడి దగ్గర్లోని డార్చెస్టర్ ఊరి వైపు చూడనివ్వండి. నేల తడిగా ఉంటే మాత్రం ఆరిన రోజుకు వాయిదా వేసుకోండి. కంచె విషయంలో సుద్దకొండ గారితో నా పేచీ అలాగే ఉంది.